యాటకు పెట్టిన పేరు

పొద్దున్నే డ్యూటీకి పోయేముందు రాజయ్య ఒక పని తప్పకుండా చేసేవాడు. ఐదింబావుకల్లా స్నానం, దీపం ముగించి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, ముందు గది మూలన వేలాడే పూల కర్టెన్ దగ్గర ఆగి, “పోయొస్త బిడ్డా” అనేవాడు. కర్టెన్ అవతల మంచం మీద పదహారేళ్ళ కూతురు పద్మశ్రీ ముసుగుతన్ని పడుకుని ఉండేది. లోపలినుంచి “ఊఁ” అని వచ్చేదాకా అతను కదిలేవాడు కాదు. అది విన్నాకే చెప్పులు తొడుక్కునేవాడు.

చిన్నప్పుడు ఆ జవాబు ఇంత పొట్టిగా ఉండేది కాదు. రెండో తరగతిలో మంచం దిగి గడపదాకా ఉరికి వచ్చి, “జల్ది రా డాడీ, పల్లీపట్టి తే, నాకు రెండు, మమ్మీకి ఒకటి” అనేది. ఆరో తరగతికి పల్లీపట్టి పోయి “జల్ది రా డాడీ” మిగిలింది. ఎనిమిదిలో “సరే డాడీ”. తొమ్మిదిలో “సరే”. పదో తరగతి నుంచి “ఊఁ”. ఇక ఇంటర్‌లో ఏం మిగులుతుందా అని రాజయ్యకు లోలోపల బెంగ.

అతనిది మోత్కూరు పక్కన ఒక పల్లె. ఏడో తరగతిదాకా అక్కడి బడిలో చదివి, ఇరవై రెండేళ్ళ కిందట నాచారం వచ్చి ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో చేరాడు. గోళీల పట్టీలు వరసగా కదిలిపోతుంటే ఏ గుంటలో గోళీ లేదో కనిపెట్టి పక్కకు తీయడం అతని పని. వెయ్యి పట్టీల్లో ఒక్క గుంట ఖాళీగా ఉన్నా అతని కన్ను పట్టేసేది. ఆ కన్ను ఇంటికొచ్చాక పనిచేసేది కాదు. పిల్ల ఎందుకు నవ్వుతుందో, ఎందుకు మూతి ముడుస్తుందో ఏమీ అందేది కాదు.

ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో లోపలికి ఉన్న ఒక కాలనీలో, ఒక ఇంటి వెనక భాగం రెండు గదులు వాళ్ళవి. భార్య రాణి గుమ్మం పక్కన మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. ముందు భాగంలో ఇంటి ఓనరు కనకమహాలక్ష్మి గారు ఉండేవారు. కాకినాడ వైపునుంచి వచ్చి ఇక్కడే టీచరుగా చేసి రిటైరయిన మనిషి. కాలనీ అంతా టీచరమ్మ అనే పిలిచేది. రెండు ఇళ్ళకూ నడుమ బోరు నల్లా, ఒక కరివేపాకు చెట్టు, ఆవిడ ప్రాణంగా చూసుకునే ముద్దమందార ఉండేవి.

కిందటేడు వానాకాలంలో పద్మశ్రీకి డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. మూడో రోజు మధ్యాహ్నం దవాఖానా వరండాలో బల్లమీద కూర్చుని రాజయ్య కళ్ళు మూసుకున్నాడు. “ఎల్లమ్మ తల్లీ, నా బిడ్డ లేసి కూసుంటే, వచ్చే బోనాలకు నీకు యాటనిస్త” అని మొక్కాడు. యాట అంటే మొక్కుబడికి బలి ఇచ్చే మేకపోతు. మర్నాటికి పిల్ల కళ్ళు తెరిచింది. ఇంకో నాలుగు రోజులకు లేచి కూర్చుని, ఫోన్ ఏదని అడిగింది.

ఎవరి వల్ల బతికిందో విడదీసి చెప్పమంటే రాజయ్యకు చేతకాదు. రాత్రింబవళ్ళు చూసుకున్న డాక్టరమ్మ ఉంది. ముక్కూ మొహం తెలియకపోయినా వచ్చి రక్తమిచ్చిపోయిన పిల్లవాడున్నాడు. పిల్ల పాదాలు తడిగుడ్డతో తుడిచి, “మా చెల్లె గిట్లనే ఉంటది” అన్న నర్సు ఉంది. వీళ్ళందరినీ సమయానికి అక్కడికి పంపింది తల్లి అని అతని నమ్మకం. మొక్కు సంగతి పెళ్ళానికీ, మల్లాపూర్‌లో ఉండే అక్క వెంకటనర్సమ్మకూ చెప్పాడు. పిల్లకు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా.

ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం అక్క ఆటోలో దిగింది. ఆమె ఒళ్ళో నల్లటి మేకపోతు పిల్ల. నుదుట తెల్ల చుక్క, గోంగూర ఆకుల్లాంటి చెవులు.

“ఊరినుంచి మామిడికాయల బండి వచ్చింది, అండ్ల పంపిన్రు. మళ్ళ బండి దొరుకుతదో లేదో. ఇప్పట్నించి మేపు తమ్మీ, పండుగనాటికి మంచిగైతది,” అని చెప్పి నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

పద్మశ్రీకి పదో తరగతి పరీక్షలు అప్పుడే అయిపోయాయి. కర్టెన్ పక్కకు తీసి బయటకు వచ్చింది.

“గిదెక్కడిది?”

“మీ అత్త తెచ్చింది. బోనాలదాంక ఉంటది,” అన్నాడు రాజయ్య. మిగతాది తర్వాత చెబుదాంలే అనుకున్నాడు.

సాయంత్రానికి దానికి పేరు పెట్టేసింది. చింటూ.

పల్లెలో ఏ ఇంట్లోనూ యాటకు పేరు పెట్టరు. నల్లది అంటారు, మచ్చది అంటారు, అంతే. ఎందుకు పెట్టరని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రాజయ్యకు ఆ సంగతి తెలుసు. ఐనా జ్వరం తగ్గిన ఇన్ని నెలలకు బిడ్డ పళ్ళు కనబడేలా నవ్వుతోంది. దాని ముందుకాళ్ళు రెండూ పట్టుకుని, “చింటూ, చింటూ” అని ఆడిస్తోంది. అప్పుడు వద్దని ఎట్లా అంటాడు? అనలేదు.

మొదటి వారంలోనే అతనికి తికమక మొదలైంది. చింటూను పిలిస్తే రాదు. ఒక చెవి మాత్రం ఇటు తిప్పుతుంది, ముఖం తిప్పదు. పద్మశ్రీ కూడా అంతే. చెవుల్లో పాటలు వినే తెల్లటి బుడిపెలుంటాయి. నాలుగోసారి పిలిస్తే ఒక బుడిపె తీసి “ఏంది” అంటుంది, ముఖం ఫోన్లోనే. పళ్ళెం చప్పుడైతే మాత్రం ఇద్దరూ ఎక్కడున్నా ప్రత్యక్షం. కానీ ముందు పెట్టింది వద్దు. చింటూ తన గడ్డి వదిలేసి టీచరమ్మ మందార మీదికి పోతుంది. పద్మశ్రీ వంకాయ కూర చూసి “ఆకలి లేదు” అని లేచిపోయి, పది నిమిషాల తర్వాత ఫ్రిజ్ తలుపు తీసి, లోపల తన పేర ఎవరో ఉత్తరం పెట్టిపోయినట్టు నిలబడి చూస్తుంది. తల నిమరబోతే ఇద్దరూ తల వెనక్కి తీస్తారు. పోనీలెమ్మని దూరం జరిగి కూర్చుంటే, కాసేపటికి వచ్చి పక్కనే నిలబడతారు, అటువైపు ఏదో పని ఉన్నట్టు.

రాజయ్య చిన్నప్పుడు మేకలు కాశాడు. మేక సంగతి తనకు తెలుసనుకునేవాడు. ముందునుంచి గుంజితే కాళ్ళు బిగిస్తుంది. వెనకనుంచి తోస్తే పక్కకు ఉరుకుతుంది. తాడు వదులుగా పట్టుకుని, దాని వంక చూడకుండా నడిచిపోతే వెనకే వస్తుంది. ఇదేదో బిడ్డ దగ్గర కూడా పనిచేస్తుందేమో చూద్దామనిపించింది. కాలేజీ తెరిచిన వారానికి ఒక సాయంత్రం, చదువు సంగతి అడగకుండా, మెట్టుమీద కూర్చుని సంచి పట్టీ కుట్టుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి పద్మశ్రీ వచ్చి గోడకు ఆనుకుంది.

“ఫిజిక్స్ మస్తు కష్టముంది డాడీ,” అంది ఉన్నట్టుండి. “సార్ చెప్పేది ఒక్క ముక్క సమజైతలేదు.”

అంత పొడుగు మాట విని ఎంత కాలమైందో! రాజయ్య ఆశ్చర్యం పట్టలేక తలెత్తి చూశాడు. వెంటనే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తలెత్తకుండా ఉండాల్సిందని ఆ రాత్రి అన్నం తింటూ రాణితో అన్నాడు.

“నీకు ఇంట్ల ఎవలు మేకనో, ఎవలు బిడ్డనో తెలుస్తలేదయ్యా,” అని రాణి నవ్వింది. “పొద్దుగాల మేకనేమో ‘బిడ్డా, నా చెప్పు వదులు’ అన్నవ్. ఆ పిల్లనేమో ‘చింటూ, ఫీజు కాయిదం ఏడ పెట్టినవ్’ అన్నవ్.”

“నీకు తెలుస్తుందా?”

“నాకా? ఇద్దరికీ తినవెట్టుడు నేనే, ఇద్దరెనక ఊడ్సుడు నేనే. నాకేం తేడా?”

టీచరమ్మకు మాత్రం మేక వల్ల మనశ్శాంతి లేకుండా పోయింది. మేక వచ్చిన కొత్తలోనే ఒక ఉదయం గుమ్మంలో నిలబడి కేకేశారు. “రాజయ్యా! ఒక్క మొగ్గ మిగల్చలేదయ్యా మీ చింటూ. పూజకి పువ్వు లేదు నాకు. పైగా ఆ వాసనొకటి. ఇదేమైనా ఇల్లా, పశువుల దొడ్డా? బోనాలు అయ్యాక ఇది ఇక్కడ ఉండకూడదు, ముందే చెప్తున్నాను.” రాజయ్య చేతులు కట్టుకుని విన్నాడు. సాయంత్రం ఆవిడే ఒక గిన్నెతో వచ్చారు. అందులో పుచ్చకాయ చెక్కులు, చిక్కుడు ఈనెలు. “ఊరికే పారేయడమెందుకని తెచ్చాను, ఇంకేం కాదు,” అని చెప్పి, మేక తినేదాకా నిలబడి చూసి మరీ వెళ్ళారు.

వాసన అన్నారు కదా అని, ఆ రోజునుంచి పద్మశ్రీ రోజూ సాయంత్రం చింటూకు నల్లా కింద స్నానం మొదలుపెట్టింది. బకెట్టు, చెంబు, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వని తన షాంపూ సీసా. మొదటి రోజు మేక ఒళ్ళు విదిలించి అందరినీ తడిపింది, ఆరేసిన జాకెట్లతో సహా. రెండో వారానికి కాస్త ఓర్చుకుంది. నెల తిరిగేసరికి, మంగలి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిలాగా కళ్ళు అరమోడ్చి, చెంబు మీద చెంబు పోస్తున్నా కదలకుండా నిలబడటం నేర్చుకుంది.

జ్యేష్ఠమాసం చివర్లో ఒక తెల్లవారుజామున రాజయ్య దీపం ముందు నిలబడి ఎప్పటిలాగే తల్లికి చెప్పుకుంటున్నాడు. “రాణిని సల్లగ సూడు. బిడ్డను సల్లగ సూడు. అక్కను, టీచరమ్మను సల్లగ సూడు. చింటూను సల్లగ...”

నాలుక కరుచుకున్నాడు. ఎవరికి ఇస్తానన్నాడో ఆ తల్లినే దాన్ని కాపాడమని అడుగుతున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే, సల్లగ సూడకు అని ఏ నోటితో అనాలి? అనకుండా ఉంటే, ముందు ఇచ్చిన మాటేం కావాలి? ఎటూ పాలుపోక దీపానికి దండం పెట్టి బయటపడ్డాడు. ఆ రోజు పట్టీల్లో రెండు ఖాళీ గుంటలు అతని కన్ను తప్పించుకుపోయాయి.

“ఏంది రాజన్నా, గట్లున్నవ్?” అన్నాడు టీ తాగేటప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి ఉమామహేశ్వర్. అతని ఇంట్లో పదిహేడేళ్ళ కొడుకూ, ఒక కుక్కా ఉన్నారు.

“ఏం లేదు సార్. పిల్లలు, జీవాలు ఒక్కతీరుగ ఎందుకుంటరు?”

“ఒక్కతీరుగనే ఉంటరు. మా ఇంట్ల గేటు చప్పుడైతే ఇద్దరూ ఉరికొస్తరు. కుక్క నా కోసం, వాడు పార్సిల్ కోసం. నేనని తెలిసినంక వాడు మళ్ళ లోపలికి పోతడు. కుక్క ఒక్కటే ఉంటది.”

రాజయ్య టీ గ్లాసు కింద పెట్టి, “మరి కుక్కను ఎవలకన్న ఇస్తనని మాటిచ్చినవా సార్?” అని అడిగాడు.

“ఏంది?”

“ఏం లేదు.”

ఆషాఢం వచ్చింది. ఈసారి బోనాలు రెండో ఆదివారమని కాలనీ పెద్దలు చెప్పారు. దానికి పది రోజుల ముందు వెంకటనర్సమ్మ వచ్చింది. వచ్చీరాగానే మేక వెన్నుమీద చెయ్యి వేసి తడిమి, “మంచిగైంది” అంది. పద్మశ్రీకి అది మెచ్చుకోలులా వినపడింది.

“అత్తా, చింటూ షేక్‌హ్యాండ్ ఇస్తడు, సూడు,” అని కింద కూర్చుని చెయ్యి చాపింది. మేక ముందుకాలు ఎత్తి ఆమె చేతిలో పెట్టింది.

“చింటూ ఎవలు?”

“వీడే.”

అక్క రాజయ్య వైపు తిరిగింది. “ఓరి రాజిగా! యాటకు పేరు పెట్టనిచ్చినవారా? పేరు పెట్టినంక అది ఇంటి మనిషైతది. రేపు ఎల్లమ్మ ముంగట నిలవెట్టి ఏమని పిలుస్తవ్, చింటూ అనా?”

మిషన్ చప్పుడు ఆగింది. మేక కాలు ఇంకా పద్మశ్రీ చేతిలోనే ఉంది.

“ఎల్లమ్మ ముంగట ఎందుకు నిలవెడ్తరు?” అంది.

రాజయ్య గొంతు సవరించుకున్నాడు. “నీకు జరమొచ్చినప్పుడు మొక్కిన బిడ్డా. నువ్వు లేసి కూసుంటే...”

“నా కోసమా?”

“నీ కోసమే.”

“నన్నడిగినవా?”

“అప్పుడు నువ్వు కండ్లు తెరుస్తలేవు బిడ్డా.”

“మరి తెరిసినంక?”

పద్మశ్రీ చింటూ కాలు మెల్లగా కింద పెట్టి, కర్టెన్ అవతలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున “పోయొస్త బిడ్డా” అన్నాడు. ఏమీ రాలేదు. మళ్ళీ అన్నాడు. మంచం కిర్రుమంది, అంతే. నిలబడీ నిలబడీ బయల్దేరేసరికి కంపెనీ గేటు దగ్గర పది నిమిషాలు ఆలస్యమైంది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. గేటు దగ్గర రిజిస్టరు రాసే పెద్దాయన అతని ముఖం చూసి, ఏమీ అడగకుండా లోపలికి పొమ్మని చేత్తో సైగ చేశాడు.

అట్లా తొమ్మిది రోజులు గడిచాయి. పద్మశ్రీ కాలేజీకి పోయింది, వచ్చింది, చింటూకు స్నానం చేయించింది, అమ్మతో మాట్లాడింది. తండ్రితో ఒక్క మాట లేదు. మేక మాత్రం ఎప్పటిలాగే అతని మోకాలికి నుదురు రాసుకునేది. అలిగినా బాగుండేది. అట్లా రాసుకుంటుంటేనే అతనికి ఎక్కువ కష్టంగా ఉండేది.

“ఏం జేద్దామే?” అని రాణిని అడిగాడు.

“తల్లికిచ్చిన మాట తప్పొద్దు. బిడ్డ మనసు ఇరగ్గొట్టద్దు. రెండు నేనే అంటున్న,” అంది రాణి దారం కొరుకుతూ. “రెండు ఎట్ల జేస్తవో నాకైతే తెల్వదు.”

టీచరమ్మనూ అడిగాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మీ అమ్మవారితో నువ్వు అన్న మాటయ్యా అది. మధ్యలో నేనేం చెప్తాను? పిల్లకి ముందే చెప్పాల్సింది, అది మాత్రం నీ తప్పే.” లోపలికి వెళ్ళి అరటి తొక్కలు తెచ్చి అతని చేతిలో పెట్టారు. “ఇవి వెయ్యి దానికి. ఇంకెన్నాళ్ళు తింటుందో ఏమో.” ఆ చివరి మాట అంటూ అటు తిరిగిపోయారు.

ఆదివారం వచ్చింది. వీధంతా వేపాకు తోరణాలు, మైకులో పాటలు. రాణి పసుపు పూసిన కుండలో బోనం వండి, మీద దీపం పెట్టి తలకెత్తుకుంది. రాజయ్య తాడు పట్టుకుని మేకను కదిలించబోయాడు. అది నాలుగు కాళ్ళూ బిగించింది. అతను తాడు వదులు చేసి, దాని వంక చూడకుండా ముందుకు నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి తాడు బిగుసుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మేక అక్కడే ఉంది. చిన్నప్పుడు నేర్చిన ఆ ఒక్క విద్యా అక్కరకు రాలేదు.

కర్టెన్ జరిగింది. పద్మశ్రీ తలస్నానం చేసి, లంగా ఓణీ వేసుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“గుంజకు. భయపడ్తడు,” అంది నేలవైపు చూస్తూ. “నేనే తీస్కొస్త.”

తొమ్మిది రోజుల తర్వాత ఆమె తండ్రితో అన్న మొదటి మాట అది. అది కూడా మేక గురించే. మేక మెడలో తాడు తీసి తండ్రి చేతిలో పెట్టి ఆమె నడిచింది. చింటూ ఆమె ఓణీ కొంగు వాసన చూస్తూ వెంట నడిచింది. ఖాళీ తాడు పట్టుకుని వెనక రాజయ్య. దారిలో ఎవరో బోనాలెత్తిన ఆడవాళ్ళ కాళ్ళ మీద చల్లటి నీళ్ళు పోస్తున్నారు. ఎవరో ఒక ముసలమ్మ తల మీది బోనం జారకుండా పక్కనే చెయ్యి అడ్డుపెట్టి నడుస్తున్నారు. అవన్నీ రాజయ్యకు కనబడ్డాయి. తను చేస్తున్నది మంచో చెడో మాత్రం కనబడలేదు.

ఎల్లమ్మ గుడి చిన్నది, ముందు వాకిలి పెద్దది. అక్కడ యాటల తంతు చూసేది డెబ్బై ఏళ్ళ చంద్రయ్య. యాట మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. మామూలుగా చెంబు వంచేలోపే అయిపోయే పని అది. ఏ జీవమైనా తడిస్తే విదిలించుకుంటుంది కదా.

చంద్రయ్య చింటూ తల నుంచి తోకదాకా నీళ్ళు పోశాడు. చింటూ కళ్ళు అరమోడ్చింది. కదల్లేదు.

“తల్లీ, తీస్కో తల్లీ,” అని మళ్ళీ పోశాడు. చింటూ మెడ కాస్త ముందుకు చాపింది, ఇక్కడ కూడా పొయ్యమన్నట్టు.

చుట్టూ చేరిన వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. “ఏందిరా, సచ్చిందా ఏంది నిలబడి?” “నిద్రవోతుంది.” “మా పోరడు గూడ గంతే, బకెట్టు గుమ్మరిస్తే గని లేవడు.” మూడో చెంబు అయింది. నాలుగో చెంబు అయింది. వెంకటనర్సమ్మ ముక్కుమీద వేలేసుకుంది. “తల్లికి కోపమొచ్చిందిరా తమ్మీ. పేరు పెట్టినందుకే.”

రాజయ్యకు అప్పుడు తట్టింది. నల్లా, బకెట్టు, షాంపూ సీసా. తల పక్కకు తిప్పి కూతురి వైపు చూశాడు. పద్మశ్రీ పెదవి కొరుక్కుంటూ మేకనే చూస్తోంది. ఆమెకు తెలుసు. ముందునుంచీ తెలుసో, ఇప్పుడే తెలిసిందో అతనికి బోధపడలేదు. ఊరుకుంటే సరిపోతుంది. యాట విదిలించలేదు, తల్లి వద్దంది, అంతే. ఊరుకుంటే బిడ్డకు సంతోషం. కానీ నిలబడింది తల్లి వాకిట్లో. వాకిట్లో నిలబడి ఎట్లా దాస్తాడు?

“తాతా,” అన్నాడు. “ఇది తల్లి వద్దనుడు కాదేమో. నా బిడ్డ దీనికి రోజు తానం చేపిస్తది. నీళ్ళకు అలవాటైంది.”

చంద్రయ్య చెంబు దించాడు. “తానమా? యాటకా?”

“షాంపూతోని,” అన్నాడు రాజయ్య తల వంచుకుని.

“కండిషనర్ గూడ,” అంది పద్మశ్రీ. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి మేక మెడ చుట్టూ చెయ్యి వేసింది. “నేనే చేపించిన. మూడు నెల్లనుంచి. నాకు తెల్వదు ఎందుకు తెచ్చిన్రో. ఎవరూ చెప్పలే.”

వాకిలంతా ఘొల్లుమంది. గుంపులోనుంచి ఒకాయన, “చెవిల పొయ్యి తాతా నీళ్ళు, ఎందుకు ఇదిలియ్యదో సూద్దాం,” అన్నాడు.

“చెవిల పోసి ఒప్పిస్తే ఒప్పుకున్నట్టైతదారా?” అన్నాడు చంద్రయ్య. నవ్వులు ఆగాయి. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, చాలాసేపు మేకనూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. రెండు ముఖాల్లోనూ ఒకటే మొండితనం. “డెబ్బై ఏండ్లొచ్చినయ్. కుంటి యాటను సూసిన, గుడ్డి యాటను సూసిన. తానం జేసే యాటను సూడలే. గిది తల్లి వద్దన్నదో, సబ్బు వద్దన్నదో నాకైతే తెలుస్తలేదు. తెల్వనప్పుడు నా చెయ్యి లేవదు.”

“మరి మొక్కో?” అంది వెంకటనర్సమ్మ.

“మొక్కు మొక్కినోనిది. లోపలికి పోయి తల్లికే చెప్పుకోమను. ఏమిస్తడో, ఎప్పుడిస్తడో, ఇస్తడో లేదో, ఆమెతోనే మాట్లాడుకోమను. జరుగున్రి, ఎనక బోనాలొస్తున్నయ్.”

రాజయ్య గుడిలోకి వెళ్ళాడు. పసుపు, కుంకుమ, వేపాకు, దీపాల వెలుగులో తల్లి ముఖం. చేతులు జోడించాడు. దవాఖానా వరండాలో మాటలు వాటంతటవే వచ్చాయి. ఇప్పుడు ఒక్కటీ రావడం లేదు. మేక బతికినందుకు సంతోషమని చెప్పాలా? మాట తప్పినందుకు మన్నించమనాలా? తప్పానో లేదో తనకే తెలియదని చెప్పాలా? అసలు తల్లి వద్దందా, వద్దంటే ఎవరి కోసం వద్దంది? నిలబడ్డాడు, నిలబడ్డాడు. వెనక వరస పెరుగుతుంటే పక్కకు జరిగి, వచ్చిన దారినే మెట్లు దిగాడు.

కింద మెట్టు దగ్గర పద్మశ్రీ తన ఓణీ కొంగుతో మేక వీపు తుడుస్తోంది. పసుపంతా ఓణీకి అంటింది. అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి ఆమె వైపు చూడకుండా ఉండాలని గుర్తుపెట్టుకోలేదు. చూశాడు. ఆమె లోపలికి పారిపోవడానికి అక్కడ కర్టెన్ లేదు. ఆమె కూడా చూసింది.

“ఎందుకు చెప్పినవ్ డాడీ, తానం సంగతి? చెప్పకపోతే ఐపోతుండె.”

“తెల్వదు బిడ్డా. చెప్పకుండ ఉండుడు అయితదనుకున్న, కాలే.”

“చెవిల నీళ్ళు పోసుంటే ఏమైతుండె?”

“అదీ తెల్వదు.”

మేక ఇద్దరి మధ్యా నిలబడి, రాజయ్య చేతిలో ఉన్న తాడు కొసను నమలడం మొదలుపెట్టింది. అతను తాడు వదిలేసి, ఆమె కన్నా ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

“బిడ్డా, నాకొక సాయం జెయ్యాలె నువ్వు,” అన్నాడు. “గా దినం నిన్నడగకుండ నీ గురించి మాటిచ్చిన. ఇయ్యాల లోపల నిలబడితే నాకు ఒక్క మాట వస్తలేదు. ఏం చెప్తె సరైతదో సమజైతలేదు. చింటూను నేను గుంజకుండ పట్టుకుంట. నువ్వు పోయి మా ఇద్దరి తరఫున తల్లితోని జర మాట్లాడుతవా?”